ముందు నీళ్లు, తర్వాత స్పాంజి, చివరగా చేపలు

నల్లగొండలో ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో, ఇళ్లలో అక్వేరియం పెట్టుకున్నవారి కోసం, చేపలను పాత తొట్టి నుంచి కొత్త తొట్టికి ఎలా మార్చాలో ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచర్ చేసిన ప్రసంగం ఇది. చివర్లో వచ్చిన ప్రశ్నలు కూడా కలిపాం.

అందరికీ నమస్కారం. పిల్లలు ముందుకు వచ్చి కింద కూర్చోండి, వెనక పెద్దవాళ్లకు కనిపించాలి. బాటిళ్లలో నీళ్లు తెమ్మన్నాను కదా, తెచ్చినవాళ్లు దగ్గరే పెట్టుకోండి. చివర్లో పరీక్ష చేసి చూద్దాం.

ఏడేళ్ల కింద మా ఇంట్లో ఐదు గోల్డ్ ఫిష్‌లు ఉండేవి. రెండడుగుల గాజు తొట్టి. మా బిడ్డ పదో తరగతిలో ఉన్నప్పుడు కొన్నాం. మూడేళ్లు పెరిగాయి, ఒక్కొక్కటి అరచేయంత అయింది. తిరగడానికి చోటు చాలడం లేదని అందరం బాధపడి, నాలుగడుగుల తొట్టి చేయించాం. అది వచ్చిన రోజు ఇంట్లో పండగలా ఉంది. కొత్త తొట్టి శుభ్రంగా ఉండాలని పాత రాళ్లన్నీ నల్లా కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా రుద్దాం. ఫిల్టర్ స్పాంజి పిండి పిండి కడిగాం. పాత నీళ్లు మొత్తం పారబోశాం. బోరు నీళ్లు నిండా పట్టి, చేపలను వలతో ఎత్తి అందులో వేశాం. మొదటి రెండు రోజులు మస్తుగా తిరిగాయి. మూడో రోజు పొద్దున అన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. వారం తిరిగేసరికి ఐదింటిలో నాలుగు పోయాయి.

నైట్రోజన్ చక్రాన్ని ఇరవై ఏళ్లకు పైగా బోర్డు మీద గీసి పిల్లలకు చెప్పాను. ఇంట్లో ఆ చక్రం ఆ స్పాంజిలో తిరుగుతోందని ఆ రోజు నాకు తట్టలేదు. ఆ నాలుగు చేపలు ఎందుకు పోయాయో తెలుసుకున్నాక, ఇంకెవరి ఇంట్లోనూ అలా జరగకూడదని ఈ మాటలు చెబుతూ తిరుగుతున్నాను.

మొదట స్పాంజి సంగతి. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. మలం నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి కూడా అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. చెరువులో అయితే నీళ్లు ఎక్కువ, చేపలు తక్కువ, ఒండ్రుమట్టి, నాచు ఉంటాయి కాబట్టి సర్దుకుపోతుంది. గాజు తొట్టిలో ఆ పని బాక్టీరియా చేయాలి. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోకి పోయి, ఆక్సిజన్ మోసే శక్తిని చెడగొడుతుంది. మొప్పలు ఎరుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల ఇబ్బంది చాలా తక్కువ. వారానికోసారి కొన్ని నీళ్లు మార్చుకుంటే దానిని అదుపులో పెట్టొచ్చు.

ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. స్పాంజి రంధ్రాలకు, రాళ్లకు, గాజుకు అంటుకుని ఉంటుంది. స్పాంజి మీద గోధుమ రంగు జిగురు కనిపిస్తుంది చూడండి, మనం మురికి అనుకుని కడిగేస్తాం. చేపల ప్రాణం అందులోనే ఉంది. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా దానంతట అది పుట్టి, సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు తమ విషంలో తామే ఉంటాయి. మా చేపలకు జరిగింది అదే.

చాలామంది నన్ను అడుగుతారు, తొట్టి రెట్టింపు అయితే బాక్టీరియా కూడా రెట్టింపు కావాలి కదా మేడమ్ అని. అక్కర్లేదు. బాక్టీరియా ఎంత ఉండాలన్నది చేపలు వదిలే వ్యర్థాన్ని బట్టి ఉంటుంది, తొట్టి సైజును బట్టి కాదు. చేపలు అవే, మేత అంతే. కాబట్టి పాత స్పాంజిని తడి ఆరకుండా, కడగకుండా తీసుకుపోయి కొత్త తొట్టిలో పెడితే, పాత తొట్టిలో ఎంత పని జరిగేదో అంతా మరుసటి గంట నుంచే అక్కడ జరుగుతుంది. పెద్ద తొట్టికి పెద్ద ఫిల్టర్ కొనాలనుకుంటే, నెల రోజుల ముందే కొనండి. దాన్ని పాత తొట్టిలోనే పాత ఫిల్టర్ పక్కన నడపండి. నెలలో దానికీ జిగురు పడుతుంది. చోటు లేదంటే, మార్చిన తర్వాత రెండు ఫిల్టర్లూ కొత్త తొట్టిలో ఆరు వారాలు కలిపి నడపండి. ఆ తర్వాత పాతది తీసినా ఫరవాలేదు.

ఇప్పుడు నీళ్లు. నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది దీని గురించే, ఎందుకంటే మన జిల్లా నీళ్లు వేరే.

మన దగ్గర నీళ్లు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి మనుషుల ఎముకలు వంగిపోయాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. మన ఊరి పేరు అలా ప్రపంచమంతా పోయింది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ అక్వేరియం నింపేటప్పుడు చాలామంది ఇంటి బోరు మోటారే వేస్తారు. మన బోరు నీళ్లు రాతి పొరల్లోంచి వచ్చే నీళ్లు. అందులో లవణాలు ఎక్కువ, వీటినే గట్టి నీళ్లు అంటాం. బకెట్ అంచున, గీజర్ లోపల పట్టే తెల్లటి పొర చూస్తే మీకే తెలుస్తుంది. మహబూబ్‌నగర్ వైపు కూడా చాలా ఊళ్లలో ఇదే పరిస్థితి.

మంచినీటి చేప శరీరంలో ఉప్పు ఎక్కువ, బయట నీళ్లలో తక్కువ. అందుకే నీళ్లు మొప్పల గుండా ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటాయి, మూత్రపిండాలు వాటిని బయటికి తోస్తూనే ఉంటాయి. బయటి నీళ్లలో లవణాలు ఒక్కసారిగా మారితే ఈ లెక్క తప్పుతుంది. సర్దుకోవడానికి దానికి టైం కావాలి.

ఇంకో ప్రమాదం ఉంది. ఇది చాలా ముఖ్యం, కొంచెం శ్రద్ధగా వినండి. పాత తొట్టిలో నెలల తరబడి నీళ్లు సరిగా మార్చకపోతే, బాక్టీరియా పని చేసేటప్పుడు పుట్టే ఆమ్లం వల్ల పీహెచ్ మెల్లగా పడిపోతుంది. పీహెచ్ అంటే నీళ్ల ఆమ్లగుణాన్ని చెప్పే అంకె, ఆమ్లం పెరిగితే అది తగ్గుతుంది. పీహెచ్ తక్కువ ఉన్న నీళ్లలో అమ్మోనియా ఎక్కువ భాగం విషం లేని అమ్మోనియం రూపంలో ఉంటుంది. చేపలు కూడా మెల్లమెల్లగా అలవాటు పడతాయి. చూడటానికి అంతా బాగానే ఉంటుంది. మన బోరు నీళ్ల పీహెచ్ ఎనిమిది దగ్గర ఉంటే, ఆ చేపలను దానిలోకి ఒక్కసారిగా వేసినప్పుడు అప్పటిదాకా నిద్రపోతున్న అమ్మోనియా లేచినట్టే. పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు పదింతలవుతుంది. నీళ్లు వేడిగా ఉన్నకొద్దీ ఆ వాటా ఇంకా పెరుగుతుంది. అంటే గట్టి నీళ్లు, ఎండకాలం, కొత్త తొట్టి, ఈ మూడూ కలిస్తే చేపకు అంతకన్నా కష్టకాలం ఉండదు. మేము తొట్టి మార్చింది ఏప్రిల్ నెలాఖరున.

కాబట్టి తొట్టి మార్చాలనుకున్న రోజుకు మూడు వారాల ముందే పని మొదలుపెట్టండి. కొత్త తొట్టిలో ఏ నీళ్లు పోయబోతున్నారో అవే నీళ్లతో పాత తొట్టిలో రెండు మూడు రోజులకోసారి పది, పదిహేను శాతం మార్చుకుంటూ రండి. మూడు వారాలకు పాత తొట్టి నీళ్లు కొత్త నీళ్లకు చాలావరకు దగ్గరవుతాయి. అప్పుడు చేపకు ఇల్లు మారింది కానీ నీళ్లు పెద్దగా మారలేదన్నట్టు ఉంటుంది. ఈ ఒక్క పని చేస్తే సగం టెన్షన్ పోయినట్టే.

నల్లా నీళ్లయితే క్లోరిన్ చూసుకోవాలి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనిషికి అది రక్ష. చేప మొప్పలకు మంట, స్పాంజిలోని బాక్టీరియాకు చావు. బకెట్లలో పట్టి, ఎయిర్ పంప్ పెట్టి ఒక రోజు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. షాపులో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కలు వేస్తే వెంటనే పోతుంది. వాటిలో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. వెనకటికి ఫోటో స్టూడియోల్లో హైపో అనేవాళ్లు, అదే.

తొట్టి బరువు గురించి ఒక మాట. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి అంటే తొమ్మిది ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్లకు కొంచెం ఎక్కువ. నిండా పోస్తే 250 లీటర్లు దాటుతుంది, అంటే నీళ్లే 250 కిలోలు. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే 300 దాటుతుంది. మేడ మీద అయితే గది నడుమ పెట్టకుండా గోడ వెంట, కింద బీము ఉన్న చోట పెట్టండి. నాపరాళ్ల నేల ఎగుడుదిగుడుగా ఉంటే మేస్త్రీల లెవెల్ గొట్టంతో చూసుకోండి. గాజు కింద థర్మోకోల్ షీటు వేయడం మరవకండి, చిన్న ఇసుక రవ్వ గాజు కింద పడ్డా పగులు పుట్టొచ్చు. కొత్త తొట్టి అతుకులకు వేసిన సిలికాన్ నుంచి వెనిగర్ వాసన వస్తుంటే అది ఇంకా ఆరలేదని. ఆ వాసన పోయాక నీళ్లు నింపి రెండు మూడు రోజులు కారుతుందేమో చూడండి. పడమటి కిటికీ దగ్గర పెట్టకండి. మధ్యాహ్నం ఎండకు నీళ్లు కాగుతాయి, పాచి పడుతుంది.

సరే, మార్చే రోజుకు వద్దాం. నన్నడిగితే దసరా తర్వాత నుంచి సంక్రాంతి లోపల పెట్టుకోండి. గోల్డ్ ఫిష్ చల్లని నీళ్ల చేప. పైగా నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టే నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఏడున్నర దగ్గరే ఆగిపోతాయి. ఎండకాలంలో తప్పనిసరి అయితే పొద్దుగూకిన తర్వాత చేయండి.

ముందు రోజు మేత వేయకండి. కడుపు ఖాళీగా ఉంటే బకెట్లో నీళ్లు చెడవు. ఒక్క రోజు పస్తు చేపకు ఏమీ కాదు. కొత్త తొట్టి రెండు రోజుల ముందే నింపి, ఎయిర్ పంప్ నడుస్తూ ఉండాలి. అందులో మూడో వంతు ఖాళీ ఉంచండి, పాత నీళ్ల కోసం. పాత నీళ్లతో బాక్టీరియా పెద్దగా రాదు, ఇందాక చెప్పాను కదా. కానీ పీహెచ్, లవణాలు దగ్గరవుతాయి.

సబ్బు ఎప్పుడూ తగలని బకెట్లు కావాలి. బట్టలు నానబెట్టే బకెట్ ఎంత కడిగినా వద్దు, ఇరవై లీటర్లది కొత్తది ఒకటి కొనుక్కోండి. మొదట పాత తొట్టి పైనీళ్లు బకెట్లలోకి తీయండి, కొత్త తొట్టిలో ఉంచిన ఖాళీలో పోయాల్సినవి ఇవే. ఒక బకెట్లో స్పాంజి మునిగేలా పెట్టండి. తర్వాత మొక్కలు, బొమ్మలు తీయండి. నీళ్లు జానెడు లోతుకు వచ్చాక చేపలను పట్టండి. అప్పుడు అవి పరుగెత్తలేవు, మనం తరమాల్సిన పని ఉండదు. వీలైతే వల వాడకండి. వల గరుకుకు చేప ఒంటి మీది జిగురు పోతుంది, జబ్బులు రాకుండా కాపాడేది ఆ జిగురే. ప్లాస్టిక్ గిన్నెను నీళ్లలో ముంచి, దాంట్లోకి చేపను మెల్లగా నడిపించి, నీళ్లతో సహా ఎత్తండి. పిల్లలూ, ఈ పని మీరు బాగా చేస్తారు, మీ చేతులకు తొందర ఉండదు.

చేపలన్నీ బయటికి వచ్చేదాకా అడుగు రాళ్లను ముట్టుకోవద్దు. రాళ్లు కదిలిస్తే కింద పేరుకున్న కుళ్లు ఒక్కసారిగా లేస్తుంది. ఒక్కోసారి కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తుంది, ఆ వాయువు చేపకు విషం. చేపలను తీశాక రాళ్లను పాత నీళ్లలోనే ఒక్కసారి జాడించి కొత్త తొట్టిలో వేయండి. నల్లా కింద వద్దు.

ఇప్పుడు చేపలు సగం బకెట్ పాత నీళ్లలో ఉన్నాయి. ఎయిర్ స్టోన్, అంటే ఎయిర్ పంప్ గొట్టం చివర ఉండే బుడగల రాయి, వేయండి, పైన బట్ట కప్పండి. గప్పీలు, మోలీలు ఎగిరి దూకుతాయి. ఐదు నిమిషాలకో చెంబు చొప్పున కొత్త తొట్టి నీళ్లు బకెట్లో పోస్తూ ఉండండి. గంటసేపు ఓపిక పట్టండి. ఈ గంటలో ఫిల్టర్ బిగించి, స్పాంజి పెట్టి నడపండి. స్పాంజిలో బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, నిలవ నీళ్లలో ఎక్కువసేపు వదిలేయకూడదు. గంట తర్వాత చేపలను గిన్నెతో ఎత్తి వదలండి. చేపలు ఉన్న ఆ బకెట్ నీళ్లు తొట్టిలో పోయకండి, మొక్కలకు పోయండి.

ఆ రోజు లైటు వేయకండి. చేపలు మూలకు పోయి దాక్కుంటాయి, కదలవు. భయపడొద్దు, గాజు మీద వేలితో కొట్టొద్దు, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపించొద్దు. మరుసటి రోజు ఎప్పుడూ వేసే దాంట్లో సగం మేత వేయండి. రెండు వారాలు రోజూ అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేయండి. టెస్ట్ కిట్ దొరుకుతుంది, చుక్కలు వేసి రంగు చూసుకోవడమే. రెండూ సున్నా ఉండాలి. పైకి వచ్చి నోరు కొట్టుకున్నా, రెక్కలు ఒంటికి అతికించుకుని నిలబడినా కిట్ లేకపోయినా నీళ్లు చెడ్డాయని అర్థం చేసుకోవాలి. మేత ఆపి, క్లోరిన్ తీసిన నీళ్లతో పావు వంతు మార్చండి. నైట్రైట్ ఉంటే లీటరుకు ఒక గ్రాము దొడ్డు ఉప్పు కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది.

పెద్ద తొట్టి ఖాళీగా కనిపిస్తుంది, నిజమే. వారం కాగానే ఇంకో ఆరు చేపలు తెద్దామనిపిస్తుంది. నెలన్నర ఆగండి. ఉన్న బాక్టీరియా ఉన్న చేపలకే సరిపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ అక్క చేయెత్తారు, చెప్పండమ్మా.

ఆమె అడిగింది: "మేడమ్, మాది మహబూబ్‌నగర్. బోరు నీళ్లు గట్టిగా ఉంటాయని మేము క్యాన్ నీళ్లే పోస్తున్నాం. మంచిదే కదా?"

మంచి ప్రశ్న అక్కా. క్యాన్ నీళ్లు ఆర్వో నీళ్లు, అంటే మిషన్‌లో సన్నని పొర గుండా వడకట్టినవి. లవణాలతో పాటు పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్లు కూడా పోతాయి. అవి లేకపోతే తొట్టిలో పీహెచ్ త్వరగా కిందికి జారుతుంది. ఉత్త ఆర్వో నీళ్లు వద్దు. బోరు నీళ్లలో కొంత ఆర్వో కలుపుకోండి, ఎప్పుడూ ఒకే పాళ్లలో కలపండి. అసలు మన గట్టి నీళ్లు అన్ని చేపలకూ చెడ్డవి కావు. గప్పీలు, మోలీలు, ప్లాటీలు ఇలాంటి నీళ్లనే ఇష్టపడతాయి. గోల్డ్ ఫిష్‌కు కూడా ఇబ్బంది లేదు. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటివి మెత్తని నీళ్ల చేపలు, వాటి జోలికి పోకపోతే మీకు క్యాన్ ఖర్చే ఉండదు.

వెనక నుంచి ఒక అన్న అడిగారు: "షాపాయన పదిహేను రోజులకోసారి మొత్తం నీళ్లు మార్చి, ఫిల్టర్ నల్లా కింద కడగమన్నాడు. అది తప్పా?"

అన్నా, మా తొట్టి విషయంలో నాకూ ఒకరు అదే చెప్పారు. అలా చేసిన ప్రతిసారీ తొట్టి మళ్లీ మొదటి రోజుకు పోతుంది. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. స్పాంజి బాగా మూసుకుపోతే, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండండి, చాలు.

బాబూ, నువ్వేదో అడగాలన్నావు.

"మా సక్కర్ చేప చాలా పెద్దగైంది. కొత్త తొట్టిలో కూడా పట్టదు. నాన్న ఉదయ సముద్రం చెరువులో వదిలేద్దామంటున్నాడు."

వద్దు కన్నా. నాన్నకు నేనూ చెబుతాను. సక్కర్ మన దేశపు చేప కాదు, దక్షిణ అమెరికాది. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు. మన చేపలు దాన్ని తినలేవు. చెరువుల్లో పడితే గట్లలో బొరియలు చేసుకుంటుంది, వలలు చింపుతుంది. పానగల్ దగ్గర ఆ చెరువులో వల వేసే వాళ్ల పొట్ట మీద దెబ్బ అది. కోయిల్‌సాగర్ అయినా, జూరాల అయినా అంతే. దానికి చోటున్న పెద్ద తొట్టి ఎవరింట్లో ఉందో వెతుకుదాం. నీ పేరు, ఇంటి గుర్తు ఆ పుస్తకంలో రాసి వెళ్లు.

ఇంకొక్క పని మిగిలింది. ఆ బల్ల కింద నీలం డబ్బాలో నా తొట్టి స్పాంజి ఉంది, ఎయిర్ పంప్ నడుస్తోంది. మా తొట్టిలో రెండేళ్లుగా ఏ జబ్బూ రాలేదు, అందుకే ధైర్యంగా ఇస్తున్నాను. ఆ ఐదింటిలో మిగిలిన గోల్డ్ ఫిష్ ఇప్పటికీ ఆ తొట్టిలోనే తిరుగుతోంది. ఈ నెలలో ఎవరైనా కొత్త తొట్టి పెడుతుంటే చెప్పండి, కత్తిరించి ముక్క ఇస్తాను. టిఫిన్ డబ్బాలో తొట్టి నీళ్లు కొద్దిగా పోసి, ముక్క తడిగా ఉండేలా పెట్టుకోండి. ఎండలో బండి మీద ఉంచకండి, దారిలో ఎక్కడా ఆగకండి. ఇంటికి పోగానే, అన్నం తినకముందే ఫిల్టర్‌లో పెట్టేయండి. బాటిళ్లు తెచ్చినవాళ్లు ఇటు వరుసలోకి రండి, పీహెచ్ చూద్దాం.